జ్వరం తగ్గినా గుడి మానవద్దు



ఈ పత్రికలో మేము సాధారణంగా షుగరు గురించో, బి.పి. గురించో, చంటిబిడ్డల టీకాల గురించో వ్రాస్తుంటాము. ఈసారి ఆదివారపు ఆరాధన గురించి వ్రాస్తున్నాము. ఆరోగ్య పత్రికలో గుడి సంగతి ఎందుకని మీరు అడగవచ్చు. వార్డులలో మేము తరచుగా చూసే ఒక విషయమే దీనికి కారణం.

జబ్బు చేసినప్పుడు మనుషులు దేవునికి దగ్గరవుతారు. ఆపరేషన్ ముందు రాత్రి, ఐ.సి.యు. బయట బెంచీ మీద, పురిటి గది తలుపు దగ్గర ప్రార్థన చేయనివారు అరుదు. ప్రొద్దున వార్డు ప్రార్థనకు మేము వెళ్ళేసరికి దుప్పటి సర్దుకుని, మంచం మీద లేచి కూర్చుని ఎదురుచూసేవారు ఉంటారు. "బాగైతే ఒక్క ఆదివారం కూడా మానను సిస్టర్" అని మాట ఇచ్చేవారు ఎందరో. ఇంటికి వెళ్ళిన తరువాత వచ్చే మొదటి ఆదివారం కుటుంబమంతా గుడికి వస్తారు. కృతజ్ఞత కానుక ఇస్తారు, సాక్ష్యం చెబుతారు. రెండవ ఆదివారం కూడా వస్తారు. నెల తిరిగేసరికి వారు కూర్చున్న చోటు ఖాళీగా ఉంటుంది. మళ్ళీ వారిని చూసేది మరొక జబ్బుకే.

వారు అబద్ధం చెప్పారని మేము అనుకోవడం లేదు. ఆ రాత్రి ఇచ్చిన మాట నిజమైనదే. అయితే మంచి మనసుతో ఇచ్చిన మాట కూడా ఒక క్రమం లేకపోతే నిలవదు.

మందు కోర్సు వంటిది

క్షయ రోగుల విషయం చూడండి. సాధారణ క్షయకు కనీసం ఆరు నెలలు మందులు వాడాలి. మొదటి కొన్ని వారాలలోనే జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, బరువు పెరుగుతుంది. అక్కడే ప్రమాదం ఉంది. "బాగైపోయింది కదా" అని కొందరు మందులు ఆపేస్తారు. లోపల మిగిలిన క్రిములు మళ్ళీ లేస్తాయి, కొన్నిసార్లు మునుపటి మందులకు లొంగకుండా తయారవుతాయి. అందుకే మేము ఎన్నిసార్లయినా ఒకటే మాట చెబుతాము: బాగున్నట్టు అనిపించినా కోర్సు పూర్తిచేయండి.

విశ్వాస జీవితం కూడా ఇటువంటిదే. ఆపదలో పుట్టిన భక్తి మంచి ఆరంభం. అది పెరగడానికి మాత్రం వారం వారం పోషణ కావాలి. ఒక్క రోజు కడుపునిండా తిని నెలంతా పస్తు ఉండే బిడ్డ ఎదగడు. క్రిస్మస్‌కు, ఈస్టరుకు, పెండ్లికి మాత్రమే గుడికి వచ్చే విశ్వాసం బ్రతికి ఉండవచ్చు గాని బలపడదు.

మన ప్రభువు కూడా ఈ క్రమాన్ని పాటించాడు. నజరేతులో ఆయన విశ్రాంతి దినాన సమాజ మందిరానికి వెళ్ళడం తనకు వాడుక అని లూకా సువార్త 4వ అధ్యాయంలో చదువుతాము. దేవుని కుమారునికే ఆ అలవాటు ఉంటే మనకు అక్కరలేదని ఎలా అంటాము? హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయం కూడా, కొందరు సమాజంగా కూడడం మానుకొనే అలవాటులో పడ్డారని, మనం అలా చేయక ఒకరినొకరు హెచ్చరించుకోవాలని నేర్పుతుంది. అంటే ఈ సమస్య మన కాలంలో పుట్టింది కాదు. మొదటి శతాబ్దపు విశ్వాసులలోనూ ఉంది.

ఆరాధనలో మనకు అందేవి

అపొస్తలుల కార్యములు 2వ అధ్యాయంలో తొలి సంఘం ఎడతెగక చేసిన పనులు నాలుగు కనిపిస్తాయి. అపొస్తలుల బోధ వినడం, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన చేయడం. వీటిని ఇంట్లో ఒంటరిగా పొందగలమా అని ఆలోచించండి.

వాక్యం ఇంట్లో చదువుకోవచ్చు, తప్పక చదువుకోవాలి. కాని ఇంట్లో మనం సామాన్యంగా మనకు నచ్చిన భాగాలే తెరుస్తాము. గుడిలో మనం ఎంచుకోని వాక్యం వినవలసి వస్తుంది. అన్నదమ్ములతో పొలం గట్టు తగాదాలో ఉన్నవాడికి క్షమాపణ గురించిన వాక్యం ఆ వారమే ఎదురుకావచ్చు. అది వినడానికి కష్టంగా ఉంటుంది, కాని అదే మందు.

సహవాసం ఒంటరిగా దొరకదు. ఇంట్లో మనకు ఇష్టమైనవారితోనే కూర్చుంటాము. గుడిలో మన పక్కన కూర్చునేవారిని మనం ఎంచుకోము. కూలి పని చేసే అమ్మ, కాలేజీ లెక్చరరు, నిన్న మనతో మాట పడనివారు, అందరూ ఒకే పాట అందుకుంటారు. ఓర్పు, తగ్గింపు నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదు. ప్రభువు భోజనం విషయమూ అంతే. అందరూ ఒకే రొట్టెలో పాలుపొందుతారు, అక్కడ పెద్దా చిన్నా లేదు.

ప్రార్థన మాత్రం ఒంటరిగా చేయవచ్చు కదా అంటారు. చేయవచ్చు. ప్రభువే గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని ప్రార్థించమన్నాడు. అయితే ఆ గదిలో కూడా నోటికి మాట రాని రోజులు ఉంటాయి.

నోరు మూగబోయిన రోజున

మా పిల్లల వార్డులో కొన్నేళ్ళ క్రితం ఒక తండ్రి తన బిడ్డను పోగొట్టుకున్నాడు. సంఘమంతా ప్రార్థించిన బిడ్డ. డాక్టర్లు, మేము చేయగలిగినదంతా చేశాము. బిడ్డ దక్కలేదు. ఆ తరువాత ఆయన ప్రార్థన చేయలేకపోయాడు. భార్యతో మాత్రం గుడికి వచ్చేవాడు. చివరి బెంచీలో కూర్చునేవాడు. పాట పాడేవాడు కాదు, ప్రభువు నేర్పిన ప్రార్థన అందరూ చెబుతుంటే పెదవి కదిపేవాడు కాదు. ఎవరూ ఆయనను మందలించలేదు. సంఘ పెద్ద ఒకాయన ప్రతి ఆదివారం వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఆ బెంచీలోనే పక్కన కూర్చునేవాడు. చాలా నెలలు ఇలా గడిచాయి. ఒక ఆదివారం ఆయన అందరితో కలిసి ప్రార్థన చెప్పాడు. తరువాత మా సిస్టర్లలో ఒకరితో, "నేను చెప్పలేని రోజులన్నిటిలో వీళ్ళు నా బదులు చెప్పారు, సిస్టర్" అన్నాడు.

సంఘం ఇందుకోసమే. మన విశ్వాసం గట్టిగా ఉన్న రోజున మనం ఇతరులను మోస్తాము. సడలిన రోజున వారు మనలను మోస్తారు. మార్కు సువార్త 2వ అధ్యాయంలో పక్షవాత రోగిని నలుగురు మోసుకొచ్చారు. ప్రభువు ఆ నలుగురి విశ్వాసాన్ని కూడా చూశాడు.

తోమా సంగతి కూడా గుర్తు తెచ్చుకోండి. పునరుత్థాన దినాన సాయంకాలం శిష్యులు కూడినప్పుడు అతడు అక్కడ లేడు. మిగిలినవారు చెప్పినా నమ్మలేకపోయాడు. అయినా వారు అతనిని వెళ్ళగొట్టలేదు, అతడూ దూరంగా పోలేదు. ఎనిమిది దినాల తరువాత వారందరితో కలిసి అదే ఇంట్లో ఉన్నాడు. ప్రభువు అతనికి అక్కడే కనబడ్డాడు. సందేహం ఉన్నవారు గుడికి రాకూడదని ఎవరైనా అంటే ఈ భాగం చూపించండి.

జబ్బును శాపంగా చూడవద్దు

ఒక తప్పు మాటను ఇక్కడ సరిదిద్దాలి. "గుడి మానావు, అందుకే నీకు ఈ రోగం వచ్చింది" అని మంచం దగ్గరే రోగితో అనేవారిని మేము చూశాము. దయచేసి అలా అనవద్దు. పుట్టు గ్రుడ్డివాని విషయంలో, ఇది ఎవరి పాపం వలన అని శిష్యులు అడిగితే, వాని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు చెప్పాడు. క్రమంగా గుడికి వచ్చేవారికీ కేన్సరు వస్తుంది, గుండెపోటు వస్తుంది. గుడికి రావడం రోగం రాకుండా కట్టే తాయెత్తు కాదు. భయంతో వచ్చేవారు భయం పోగానే మానేస్తారు. ప్రేమతో వచ్చేవారు నిలుస్తారు.

అలాగే ప్రార్థన చేయించుకున్నామని షుగరు మాత్రలు, ఫిట్స్ మాత్రలు, క్షయ మందులు ఆపవద్దు. 2 రాజులు 20వ అధ్యాయంలో హిజ్కియా రాజు మరణకరమైన రోగంతో ఏడ్చి ప్రార్థించాడు. దేవుడు ప్రార్థన విన్నాడు. అయినా యెషయా ప్రవక్త అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. ప్రార్థన, మందు రెండూ అక్కడ కలిసే ఉన్నాయి. మరొక సంగతి గమనించండి. మూడవ దినాన నీవు దేవుని మందిరానికి వెళ్తావు అని కూడా దేవుడు అతనికి వాగ్దానం చేశాడు. స్వస్థత తరువాత మొదటి ప్రయాణం మందిరానికే.

పరిశోధన ఏమి చెబుతున్నది?

మా వృత్తివారికి ఆసక్తి కలిగించే పరిశోధన ఒకటి ఉంది. అమెరికాలో హార్వర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 1996 నుండి 2012 వరకు 74,534 మంది స్త్రీల వివరాలను పరిశీలించి, 2016లో "జామా ఇంటర్నల్ మెడిసిన్" అనే వైద్య పత్రికలో ప్రచురించారు. ఆ స్త్రీలందరూ నర్సులే. ఆరాధనకు ఎన్నడూ వెళ్ళనివారితో పోల్చితే, వారానికి ఒకసారి కంటే ఎక్కువగా వెళ్ళేవారిలో ఆ కాలంలో మరణించే అవకాశం 33 శాతం తక్కువగా కనిపించింది. కారణాలు వెదికితే, తోడుగా నిలిచే మనుషులు ఉండడం, పొగ త్రాగే అలవాటు తక్కువగా ఉండడం, మనోవ్యాకులత తక్కువగా ఉండడం కొంత వరకు కారణమని వారు గుర్తించారు.

దీనిని ఉన్నంత వరకే తీసుకోవాలి. ఇది అమెరికా స్త్రీల మీద జరిగింది, వారిలో అధికులు తెల్లజాతి క్రైస్తవులు. గుడికి వెళ్ళడమే ఆయుష్షు పెంచిందని ఇటువంటి పరిశీలన పూర్తిగా రుజువు చేయలేదు. ఆయుష్షు కోసం ఆరాధన చేయమని మేము చెప్పడం లేదు. అయితే మనిషికి మనిషి తోడు అవసరమని, ఒంటరితనం మంచిది కాదని వార్డులలో మేము చూసేదానికి ఈ పరిశోధన కూడా సాక్ష్యం ఇస్తున్నది.

"మా గుడికి పదిమందే వస్తారు"

పల్లెల నుండి వచ్చే రోగులు కొందరు ఇలా అంటారు. పాటకు మైకు లేదు, పాస్టరుగారు నెలకు రెండుసార్లే వస్తారు, అటువంటి ఆరాధనకు వెళ్ళి ఏమి లాభం అని. వారికి ఒంగోలు చరిత్ర చెప్పాలనిపిస్తుంది. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జువెట్ దంపతులు, కొద్దిమంది తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ మీద మోకరించి ఆ ప్రాంతం కోసం ప్రార్థించారు. ఆ కొండను ప్రార్థన కొండగా నేటికీ గుర్తు చేసుకుంటారు. జాన్ క్లౌ అక్కడికి వచ్చింది 1866లో. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిది మంది మాత్రమే. 1878 జూలై 3న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ పెద్ద సంఖ్య అందరికీ గుర్తుంటుంది. మాకు మాత్రం ఆ ఎనిమిది మందే ఎక్కువ గుర్తుకు వస్తారు. వారు "ఎనిమిది మందిమే కదా" అని ఇంట్లో కూర్చోలేదు. మీ గుడిలో పదిమందే ఉంటే, మీరు రాని ఆదివారం తొమ్మిది మందే ఉంటారు. మీ అవసరం పెద్ద సంఘంలో కంటే అక్కడే ఎక్కువ.

ఆదివారం డ్యూటీ ఉన్నవారు

ఆసుపత్రికి ఆదివారం సెలవు లేదు. ప్రభువు విశ్రాంతి దినాననే రోగులను స్వస్థపరిచాడు గనుక, ఆ రోజు రోగికి సేవ చేయడం ఆయనకు ఇష్టమైన పనే. అయినా "సేవ చేస్తున్నాము గనుక ఆరాధన అక్కరలేదు" అనే ఆలోచన మెల్లగా మనలను ఎండగడుతుంది. అందుకే మా సిస్టర్లకు వరుసగా రెండు ఆదివారాలు ఉదయం డ్యూటీ పడకుండా రోస్టరు వ్రాయడానికి ప్రయత్నిస్తాము. తప్పనిసరైనప్పుడు సాయంకాలపు ఆరాధనకు పంపుతాము. ఇల్లు విడిచి వచ్చిన స్టూడెంట్ నర్సులకు గుడిలో పలకరించే ఒక అమ్మ ఉంటే, సగం బెంగ తీరుతుంది.

హోటలు పనివారు, ఆటో నడిపేవారు, సెక్యూరిటీ పనివారు కూడా ఇదే ఇబ్బందిలో ఉన్నారు. పూర్తిగా మానే బదులు ఉదయపు మొదటి ఆరాధననో, వారం మధ్యలో జరిగే గృహ ప్రార్థననో ఎంచుకోండి. ఏదో ఒకటి క్రమంగా ఉండాలి.

రాలేనివారిని మరువవద్దు

2020లో కరోనా వలన గుళ్ళు మూతపడినప్పుడు, ఆ ఏటి ఈస్టరును మనం ఇళ్ళలోనే జరుపుకున్నాము. ఫోనులో, టీవీలో ఆరాధన చూశాము. మంచం దిగలేనివారికి అది నేటికీ గొప్ప మేలు. కాని నడవగలిగినవారు కొందరు ఆ అలవాటులోనే ఉండిపోయారు. టీవీలోని బోధకుడు మంచి వాక్యం చెప్పగలడు గాని, మీరు ఈ వారం ఎందుకు రాలేదని అడగలేడు.

ఆ మాట అడగవలసింది మనమే. షుగరు వలన కాలు తీసివేసిన ఒక అమ్మ, గుడిలో క్రింద చాప మీద కూర్చోలేక, అందరి మధ్య కుర్చీ వేసుకోవడానికి సిగ్గుపడి, మెల్లగా రావడం మానుకుంది. ఎందుకని ఎవరూ అడగలేదు. చివరకు స్త్రీల సమాజం వారు ఇంటికి వెళ్ళి అడిగితే విషయం బయటపడింది. మరుసటి ఆదివారం వారు ఆటో మాట్లాడారు. గుడిలో స్త్రీల వైపు ఒకటి కాదు, నాలుగు కుర్చీలు వేయించారు. మోకాళ్ళ నొప్పులతో బాధపడుతూ నోరు తెరవని మరి ముగ్గురు పెద్దమ్మలు ఆ రోజే వాటిలో కూర్చున్నారు.

లూకా 13వ అధ్యాయంలో పద్దెనిమిది ఏండ్లుగా నడుము వంగిపోయిన స్త్రీ సమాజ మందిరంలో ఉంది. ఆ నడుముతో ఆమె ఎలా వచ్చిందో గాని, వచ్చింది. ప్రభువు ఆమెను చూసి పిలిచాడు. మన మధ్య వంగి నడిచేవారు రావడానికి దారి సుళువు చేయడం మన పని.

గుడికి వచ్చే రోగులకు మా సూచనలు

1. ఇన్సులిన్ గాని షుగరు మాత్రలు గాని వేసుకుని ఏమీ తినకుండా రావద్దు. ఉపవాసంతో ప్రభువు భోజనం తీసుకునే అలవాటు ఉంటే, ముందుగా డాక్టరుగారితో మాట్లాడండి. మందు మోతాదు మీ అంతట మీరు మార్చుకోవద్దు. శ్రమ దినాల ఉపవాసాలకూ ఇదే మాట.

2. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం కనిపిస్తే షుగరు పడిపోయిందేమో అనుకుని, వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి త్రాగండి. సంచిలో బిస్కెట్లు ఉంచుకోండి. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

3. షుగరు వలన పాదాలు తిమ్మిరి పట్టినవారు ఎండాకాలంలో గేటు దగ్గరే చెప్పులు విడిచి వేడి బండల మీద నడవవద్దు. కాలినా తెలియదు. గుమ్మం వరకు చెప్పులతో రండి, లోపల మేజోళ్ళు వేసుకోండి.

4. బి.పి. మందులు వాడేవారు మోకరించి లేచేటప్పుడు బెంచీ పట్టుకుని నిదానంగా లేవండి.

5. శుభ శుక్రవారం మూడు గంటల ఆరాధన ఎండ వేళ జరుగుతుంది. వృద్ధులు, గర్భిణులు నీళ్ళ సీసా తెచ్చుకుని, గాలి తగిలే చోట కూర్చోండి. గుండె, మూత్రపిండాల జబ్బు వలన నీళ్ళు తక్కువ త్రాగమన్నవారు డాక్టరుగారి మాట ప్రకారమే త్రాగండి.

6. జ్వరం, దగ్గు ఉన్న వారం ఇంట్లోనే ఆరాధించండి. క్షయ మందులు కొత్తగా మొదలుపెట్టినవారు నలుగురిలోకి ఎప్పుడు వెళ్ళవచ్చో డాక్టరుగారిని అడగండి. ఆయన వెళ్ళవచ్చని చెప్పిన తరువాత వారిని దూరం పెట్టే హక్కు ఎవరికీ లేదు.

7. ఆపరేషన్ అయినవారు డాక్టరుగారు అనుమతించాక రండి. తలుపు దగ్గర కూర్చుంటే మధ్యలో లేచి వెళ్ళడం సులువు.

మా ఆసుపత్రికి అన్ని మతాలవారు వస్తారు, అందరికీ ఒకే సేవ అందుతుంది. ఈ మాటలు ముఖ్యంగా మన సంఘ కుటుంబాల కోసం వ్రాశాము. ఇంటికి వెళ్ళే రోజున మేము మీ చీటీలో మందులు, తిరిగి చూపించుకోవలసిన తేదీ వ్రాసి ఇస్తాము. దాని క్రింద మీరే మీ చేతితో వచ్చే ఆదివారం తేదీ కూడా వ్రాసుకోండి. ఆ తరువాతి ఆదివారం కూడా.

మీ బలహీనతలో మీరు పిలిచిన దేవుడు, మీ ఆరోగ్యంలో కూడా మిమ్మును తన మందిరములో స్థిరపరచి ఎదిగించును గాక. ఆమేన్.